ఎవరి నీళ్లు? బ్లాక్‌బర్న్ తీర్పూ మన చెరువులూ

2022 జులైలో గోదావరికి వచ్చిన వరద మంచిర్యాల వాళ్లకి ఇంకా గుర్తుండే ఉంటుంది. నది నిండుగా ఉంటే, పట్టణంలోంచి వెళ్లి అందులో కలవాల్సిన రాళ్లవాగుకు పోయే దారి ఉండదు. నీళ్లు వెనక్కి తన్ని కాలనీల్లోకి వచ్చేశాయి. మా వీధిలో నడుములోతు. రెండు రోజుల తర్వాత నీళ్లు తీశాక ఇంట్లో బురద ఎత్తిపోస్తుంటే, కింది అరలో నా లా కాలేజీ నాటి పుస్తకాలు రొట్టెల్లా ఉబ్బి కనిపించాయి. వాటిలో టార్ట్స్ పుస్తకం ఒకటి. ఒప్పందం ఏదీ లేకపోయినా ఒకరి వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే పరిహారం ఎప్పుడు కట్టాలి, ఎందుకు కట్టాలి అని చెప్పే శాస్త్రం అది.

ఆ పుస్తకాన్ని ఎండలో ఆరబెడుతుంటే పక్కింటి కాకా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. ఆయన చేతిలో తడిసిన బ్యాంకు పాస్‌బుక్కులు.

“వకీల్ సాబ్, ఎవ్వల మీద కేసెయ్యాలె?”

“వాన మీద కేసేస్తమా కాకా?” అన్నాను.

“వాన గాదు. వాన నీల్లు వాన పడ్డట్టే వస్తయి. ఆపిన నీల్లు ఒక్కసారి వస్తయి. ఆపినోడు ఉంటడు గద?”

ఎగువన ఎప్పుడు ఎంత నీరు వదిలారు, మా వీధి మునగడంలో వానదెంత, మనుషులదెంత అన్న లెక్కలోకి నేనిక్కడ పోవడం లేదు. ఆ లెక్క తేల్చే స్తోమత నాకు లేదు. నన్ను పట్టుకున్నది ఆ చివరి మాట. ‘ఆపినోడు ఉంటడు గద.’ సరిగ్గా ఇదే మాట మీద ఇంగ్లండులో 1860ల్లో ఒక దావా నడిచింది. దాని మీద ఒక న్యాయమూర్తి రాసిన తీర్పు నూటయాభై ఏళ్లు దాటినా ప్రపంచంలో కామన్ లా నడిచే ప్రతిచోటా చదువుతూనే ఉన్నారు. నా చేతిలో ఉబ్బిపోయిన పుస్తకంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. విచిత్రం ఏమిటంటే ఆ దావా కూడా ఒక బొగ్గుబాయి గురించీ, ఆపిన నీళ్ల గురించే.

*

లాంకషైర్‌లో ఎయిన్స్‌వర్త్ దగ్గర జాన్ రైలాండ్స్‌కి ఒక బట్టల మిల్లు ఉండేది. ఇంగ్లండు పత్తి వ్యాపారంలో పెద్ద కోటీశ్వరుల్లో ఆయన ఒకడు. ఆయన పోయాక భార్య ఆయన పేరిట మాంచెస్టర్‌లో కట్టించిన గ్రంథాలయం ఇవాళ్టికీ పుస్తక ప్రియులు వెతుక్కుంటూ పోయే చోటు. మిల్లుకు నీళ్లు కావాలని 1860లో ఒక రిజర్వాయరు తవ్వించాడు. తాను తవ్వలేదు. పని తెలిసిన ఇంజనీరుకీ గుత్తేదారుకీ అప్పగించాడు.

తవ్వుతుంటే అడుగున పాత షాఫ్టులు ఐదు బయటపడ్డాయి. ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన బాయిల నోళ్లు అవి. చుట్టూ ఉన్న నేలలాంటి మట్టే వాటిలో నిండి ఉండటంతో గుత్తేదారు పెద్దగా పట్టించుకోలేదు. ఆ పాత పనులు భూమి లోపల్లోపల పక్కనున్న థామస్ ఫ్లెచర్ బొగ్గుబాయి దాకా కలిసి ఉన్నాయని ఎవరికీ తెలియదు. 1860 డిసెంబరు 11న, ఇంకా నిండీ నిండకముందే, రిజర్వాయరు అడుగు తెగింది. నీళ్లు పాత షాఫ్టుల్లోంచి దిగి ఫ్లెచర్ బాయిని ముంచేశాయి.

ఫ్లెచర్ దావా వేశాడు. చిక్కు ఎక్కడంటే, రైలాండ్స్ తప్పేమీ లేదు. తన మిల్లు అవసరానికి కట్టుకున్నాడు. అనుమతి ఉంది. పని తెలిసిన వాళ్లకే ఇచ్చాడు. లోపల పాత పనులు ఉన్నాయని ఆయనకు తెలిసే దారి లేదు. గుత్తేదారు అజాగ్రత్త వేరే సంగతి. అతను స్వతంత్రంగా పనిచేసేవాడు, అతని తప్పు యజమానికి అంటదు. అప్పటి లెక్కలో తప్పు లేనివాడు పరిహారం కట్టనక్కర్లేదు. 1865లో కోర్ట్ ఆఫ్ ఎక్స్‌చెకర్‌లో మెజారిటీ ఇదే చెప్పింది. ఫ్లెచర్ ఓడాడు. అప్పీలు చేశాడు.

1866లో ఆ అప్పీలు విన్న ఆరుగురు న్యాయమూర్తుల తరఫున తీర్పు చదివినవాడు కాలిన్ బ్లాక్‌బర్న్.

*

బ్లాక్‌బర్న్ పుట్టింది స్కాట్లండులో, 1813లో. చదివింది కేంబ్రిడ్జిలో, లెక్కలు. 1838లో లండన్‌లో బారిస్టరయ్యాడు కానీ వాదించి పేరు తెచ్చుకున్న మనిషి కాదు. కోర్టులో కూర్చుని ఇతరుల వాదనలూ తీర్పులూ రాసుకుని రిపోర్టులుగా అచ్చు వేయించడం ఆయన పని. సరుకుల అమ్మకం మీద 1845లో ఒక పుస్తకం రాశాడు. 1859లో ఆయన్ని క్వీన్స్ బెంచ్ న్యాయమూర్తిని చేసినప్పుడు లండన్ అంతా ‘ఎవరీయన?’ అని అడిగింది. నియమించిన లార్డ్ చాన్సలర్ క్యాంబెల్ కూడా స్కాట్లండు వాడే కాబట్టి మనవాడికి ఇచ్చుకున్నాడన్న గుసగుసలూ వచ్చాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ మాటలన్నీ పోయాయి. 1876లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో వృత్తి న్యాయమూర్తుల కోసం కొత్త పదవి సృష్టించినప్పుడు అందులోకి మొదట తీసుకున్నది ఆయన్నే.

అద్దెకు మాట్లాడుకున్న సంగీత మందిరం కచేరీకి ముందే కాలిపోతే ఒప్పందం ఏమవుతుంది అన్న 1863 నాటి దావాలో తీర్పు కూడా ఆయనదే. ఎవరి తప్పూ లేకుండా పని అసాధ్యమైతే ఇద్దరూ బాధ్యత నుంచి బయటపడతారన్నాడు. మన కాంట్రాక్టు చట్టం చదివిన వాళ్లు 56వ సెక్షన్ పాఠంలో ఆ కాలిపోయిన మందిరాన్ని తప్పకుండా చూసి ఉంటారు.

ఫ్లెచర్ అప్పీలులో బ్లాక్‌బర్న్ చేసిన పని చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. కొత్త సూత్రం కనిపెడుతున్నానని ఆయన అనలేదు. పాతవాటిని ఏరి పక్కపక్కన పెట్టాడు. పక్కవాడి పశువు నా చేలో పడి మేస్తే, ఆ రాత్రి దొడ్డి తలుపు ఎంత జాగ్రత్తగా వేశాడన్న ప్రశ్న రాదు, కట్టాల్సిందే. పక్కింటి పాయఖానా మురికి నా నేలమాళిగలోకి కారినా అంతే. ఫ్యాక్టరీ విషపు పొగ నా ఇంట్లోకొచ్చినా అంతే. అలాంటప్పుడు రిజర్వాయరు నీళ్లు వేరెందుకు అవుతాయి? తన లాభం కోసం, తప్పించుకుపోతే హాని చేసే వస్తువును తన భూమిలోకి తెచ్చి పోగుచేసి పెట్టుకున్నవాడు దాన్ని కట్టడి చేసుకునే పూచీ కూడా తానే పడాలి. అది తప్పించుకుపోతే, దానివల్ల సహజంగా జరిగే నష్టమంతా అతనే భరించాలి. బాధితుడి తప్పో, మనిషి చేతిలో లేని దైవికమో అయితే తప్ప.

మన పల్లెల్లో పెరిగిన వాళ్లకి ఇది చెప్పాల్సిన పని లేదు. చేలో పడ్డ పశువును తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టడం, ఆసామి వచ్చి బందె కట్టి విడిపించుకోవడం మనకు తెలిసిందే. ‘నేను గట్టిగానే కట్టేసిన, పలుపు తెంపుకుంది’ అంటే దొడ్డికాడ వినేవాడెవడు? తెంపుకున్నా పశువు నీదే కదా అంటారు. బ్లాక్‌బర్న్ ఆ బందెలదొడ్డి న్యాయాన్ని రిజర్వాయరుకి వర్తింపజేశాడు. అంతకుముందే 1852లో హోమ్‌ఫర్త్‌లో, 1864లో షెఫీల్డ్ ఎగువన ఆనకట్టలు తెగిపోయాయి. షెఫీల్డ్ వరదలో 240 మందికి పైగా చనిపోయారు. తీర్పులో ఆ ఊళ్ల పేర్లు లేవు. కానీ 1866లో ఇంగ్లండులో కూర్చుని ‘ఆపిన నీళ్లు’ అన్న మాట వింటే ఎవరికైనా గుర్తొచ్చేది అవే.

1868లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పును నిలబెట్టింది. అయితే లార్డ్ కెయిర్న్స్ ఒక మాట చేర్చాడు. భూమిని ‘సహజంగా’ వాడుకుంటుంటే ఈ సూత్రం వర్తించదు, ‘అసహజమైన’ వాడకానికే వర్తిస్తుంది అని. ఏది సహజం? ఎవరికి సహజం? ఆ ప్రశ్న మొదట లేచిన చోట్లలో ఒకటి తెలుగు నేల.

*

నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ, ఉత్తర ఆర్కాటు కింద ఒక జమీందారీ. భారీ వర్షాలకు జమీందారు భూముల్లోని రెండు చెరువులు తెగి, దిగువన మద్రాసు రైల్వే కంపెనీ కట్టడాలను దెబ్బతీశాయి. కంపెనీ దావా వేసింది. వాళ్ల వాదన కొత్తగా వచ్చిన ఇంగ్లీషు తీర్పు మీదే నిలబడింది. నీళ్లు పోగుచేసింది జమీందారు. తప్పించుకుపోయాయి. తప్పున్నా లేకపోయినా కట్టాలి.

కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1874లో జమీందారే గెలిచాడు. బ్లాక్‌బర్న్ సూత్రం తప్పని కౌన్సిల్ అనలేదు. ఆ సూత్రం ఇక్కడికి రాదంది. చెప్పిన కారణాలు చూడండి. ఈ చెరువులు ఒక మనిషి తన లాభానికి తవ్వించుకున్న రిజర్వాయరు లాంటివి కావు. ఇవి ఎంతో పాతవి. దేశమంతా పరుచుకున్న సేద్యపు ఏర్పాటులో భాగం. జనం బతుకు వాటి మీద ఉంది. వాటిని పూడ్చేసే హక్కు జమీందారుకు లేదు. బాగుచేసి నిలబెట్టే బాధ్యత మాత్రం ఆయన మీద ఉంది. ఆయన గానీ ఆయన మనుషులు గానీ అజాగ్రత్తగా ఉన్నట్టు రుజువు కాలేదు. కాబట్టి, చట్టం అప్పగించిన పనిని జాగ్రత్తగా చేసిన మనిషి లాంటి వాడే ఆయన.

ఇందులో ఒక చిన్న ఎత్తిపొడుపు కూడా ఉంది. రైలింజను నిప్పురవ్వ పడి పక్క తోట తగలబడితే, ‘పార్లమెంటు అనుమతితో, జాగ్రత్తగానే నడిపాం’ అని తప్పించుకునే వెసులుబాటు ఇంగ్లండులో రైలు కంపెనీలకు 1860లోనే దొరికింది. అదే డాలు పద్నాలుగేళ్ల తర్వాత ఒక తెలుగు జమీందారు చేతికి వచ్చి రైలు కంపెనీకే అడ్డుపడింది.

ఆ తీర్పు నాకు న్యాయంగానే అనిపిస్తుంది. మా వైపు గొలుసుకట్టు చెరువులు చూసిన వాళ్లెవరికైనా అలాగే అనిపిస్తుంది. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. తూము ఎప్పుడు తీయాలో, ఎంత తీయాలో నీరటికి తెలుసు. కట్ట తెగే సూచన కనిపిస్తే ఊరంతా గంపలు, పారలు పట్టుకుని ఉరుకుతుంది. అక్కడ ‘ఆపినోడు’ ఒక్కడు కాడు, ఊరు మొత్తం. నష్టపోయేదీ ఆ ఊరే. అలాంటి చెరువుకీ మిల్లు యజమాని రిజర్వాయరుకీ ఒకే కొలత పెడితే ఈ దేశంలో చెరువన్నది ఉండేది కాదు. ఇంగ్లండులో ‘అసహజం’ అనిపించింది ఇక్కడ అన్నిటికన్నా సహజమని లండన్‌లో కూర్చున్న పెద్దలు గుర్తించడం చిన్న విషయం కాదు.

నాకు పేచీ ఉన్నది ఆ తర్వాత జరిగినదానితో. కార్వేటినగరం అప్పుడు బ్రిటిష్ ఇండియా, మంచిర్యాల నిజాం రాజ్యం. ఇంగ్లీషువాడి తీర్పులు నేరుగా మా మీద పడే రోజులు కావవి. 1950 తర్వాత అందరం ఒకే సుప్రీంకోర్టు కిందికి వచ్చాం. పంజాబులో ఒక ప్రభుత్వ కాలువకు గండిపడి రైతుల భూములు మునిగిన లాడ్వా కేసులో 1964లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశం బతుకు కాలువల మీద ఆధారపడి ఉంది, కాలువ నీటికి బ్లాక్‌బర్న్ సూత్రం పెట్టలేం అని జస్టిస్ హిదయతుల్లా అన్నారు. అయినా రైతులు ఓడిపోలేదు. కాలువకు ఊరికే గండి పడదు, గండి పడిందంటేనే ఎక్కడో అజాగ్రత్త ఉన్నట్టు, కాదని చూపించాల్సింది కాలువ నడిపేవాళ్లే అన్న దారిలో వాళ్లకు పరిహారం దక్కింది.

పరిహారం దక్కింది గానీ, దానికి పునాది మారిపోయింది. బ్లాక్‌బర్న్ దగ్గర ‘నీళ్లు నీవి, కట్టు’ అంటే సరిపోతుంది. ఇక్కడ ‘అజాగ్రత్త ఉందా లేదా’ అన్న పాత ప్రశ్న మళ్లీ తిరిగొచ్చింది. గండి పడితే ఆ ప్రశ్నకు జవాబు తేలిగ్గా దొరుకుతుంది. గండి పడకుండా, అంతా నిబంధనల ప్రకారమే జరిగి, గేట్లు సరిగ్గా ఎత్తి, అయినా దిగువనో వెనకనో పొలం మునిగితే? అప్పుడు రైతు అజాగ్రత్త రుజువు చేయాలి. అందుకు కావాల్సిన కాగితాలన్నీ గేట్ల తాళాలు ఉన్నవాళ్ల దగ్గరే ఉంటాయి.

కార్వేటినగరం తీర్పు చెరువును కాపాడటానికి మూడు కారణాలు చూపింది: పాతది, జనం బతుకుది, తీసేసే హక్కు లేనిది. నూరేళ్ల తర్వాత ఆ మూడింటిలో ‘జనం బతుకుది’ అన్న ఒక్కటి మిగిలి, అది అన్ని నీళ్లకూ గొడుగయింది. ఊరి చెరువు కోసం పట్టిన గొడుగు కిందికి లక్షల క్యూసెక్కుల రిజర్వాయర్లు కూడా వచ్చి నిలబడ్డాయి.

మా చుట్టుపక్కలే చూడండి. మంచిర్యాలకు ఎగువన గోదావరిలో కలిసే కడెం నది మీద కట్టిన ఆనకట్ట కొత్తగా ఉండగానే, 1958 ఆగస్టులో, వరద నీరు కట్ట మీదుగా పొర్లి గండ్లు పడ్డాయి. తర్వాత దాన్ని మళ్లీ కట్టుకున్నారు. 2022 జులైలో అదే ఆనకట్టకు గేట్లు వదలగలిగిన దానికన్నా ఎక్కువ వరద వచ్చి, దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. కట్ట నిలబడింది. ఇటు చెన్నూరు, కోటపల్లి వైపు ఒడ్డున ఉన్న రైతులు బ్యారేజీల వెనక జలాల్లో పంటలు మునుగుతున్నాయని ఏళ్లుగా పరిహారం అడుగుతూనే ఉన్నారు. వాళ్లు అడిగేదాన్ని పత్రికలు ‘విజ్ఞప్తి’ అని రాస్తాయి. ఫ్లెచర్ చేసింది విజ్ఞప్తి కాదు.

*

ఇంతవరకు చెప్పింది వింటే బ్లాక్‌బర్న్ బాధితుల పక్షాన నిలబడ్డ మహానుభావుడు అనిపించవచ్చు. ఈ సంగతి కాకాతో మాట్లాడుతున్నప్పుడే నాకు ఇంకో వైపు కనిపించింది.

ఫ్లెచర్ బాయి మునిగిందని చెప్పగానే కాకా అడిగిన మొదటి మాట, “బాయిల ఎంతమంది ఉన్నరు?”

ఎవరూ పోలేదన్నాను. ఆయన ఊపిరి తీసుకున్నాడు. బొగ్గుబాయిలో పనిచేసినవాడికి నీళ్లంటే అదే. ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో 1975 డిసెంబరు 27న గనిలోకి నీళ్లు దూకి 370 మందికి పైగా పోయారు. గోదావరికి ఆ ఒడ్డున, గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. ఆ వార్త వచ్చిన రోజు మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి కాలనీల్లో పొయ్యి వెలిగించని ఇళ్లెన్నో అని కాకా చెప్తాడు. పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వస్తే పని ఆపాలి, అనుమతి తీసుకోవాలి, ముందు బోరు వేసి నీళ్లున్నాయేమో చూసుకుంటూ పోవాలి అని బొగ్గు గనుల నిబంధనలు చెప్తాయి. “గా అరవై మీటర్ల లెక్క మాకు నోటికొచ్చు. పాత పనుల్ల నిలిచిన నీల్లు సప్పుడు చెయ్యయి” అన్నాడు.

సరే, 1860లో ఫ్లెచర్ బాయిలో మనుషులు ఉండి, పోయి ఉంటే? బ్లాక్‌బర్న్ సూత్రం పుట్టిన ఆ కాలంలోనే ఇంగ్లండులో ఇంకో సూత్రం గట్టిగా నడుస్తోంది. తోటి పనివాడి తప్పు వల్ల నీకు దెబ్బ తగిలితే యజమాని బాధ్యుడు కాడు, ఆ ప్రమాదం తెలిసే పనిలో చేరావు కదా అని. 1837లో మొదలైన ఆ మాటను 1858లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒక స్కాట్లండు బొగ్గుగని కేసులో ఖాయం చేసింది. అంటే బాయి యజమాని బొగ్గు మునిగితే పక్కవాడి తప్పు లేకపోయినా పరిహారం. బాయిలోని మనిషి తోటివాడి పొరపాటుతో పోతే యజమాని నుంచి ఏమీ లేదు. రెండూ ఒకే కాలపు కోర్టుల న్యాయమే. బ్లాక్‌బర్న్ సూత్రం కాపాడింది భూమి ఉన్నవాడిని. పక్కపక్కన ఉన్న ఇద్దరు ఆస్తిపరుల మధ్య తగాదా అది.

ఆ గీత తర్వాత కూడా చెరగలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక ఆయుధాల ఫ్యాక్టరీలో తనిఖీ పనిచేస్తున్న మహిళ షెల్లు పేలి గాయపడింది. 1946లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆమె దావా కొట్టేసింది. ప్రమాదం ఫ్యాక్టరీ హద్దు దాటి ‘తప్పించుకుపోలేదు’ కదా, ఈ సూత్రం రాదు అంది. లోపలున్నవాళ్లకు ఈ న్యాయం లేదు. మన దగ్గర పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి యజమాని తప్పుతో నిమిత్తం లేకుండా పరిహారం వచ్చింది 1923 చట్టంతో. న్యాయమూర్తుల దయతో కాదు.

*

ఈ సూత్రం ఆ తర్వాత తిరిగిన దారులు చిత్రంగా ఉంటాయి. బ్లాక్‌బర్న్ పుట్టిన స్కాట్లండు దాన్ని తమ న్యాయంలో భాగం కాదని 1985లో తేల్చేసింది. ఇంగ్లండులో 1993లో, జరగబోయే హాని ముందే ఊహించగలిగినదై ఉండాలి అని కుదించారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా హైకోర్టు దాన్ని అజాగ్రత్త సూత్రంలో కలిపేసింది. పుట్టింట్లో, చుట్టాలిళ్లలో చిక్కిపోయిన ఆ సూత్రం బలిసింది ఒక్క మన దగ్గరే.

1984 డిసెంబరులో భోపాల్. ఏడాది తిరిగేసరికి, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాసు లీకయింది. ఎం.సి. మెహతా కేసులో 1986 డిసెంబరు 20న, తాను పదవీ విరమణ చేసే రోజున, ప్రధాన న్యాయమూర్తి భగవతి తీర్పు ఇచ్చారు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు సూత్రం ఇవాళ్టి పరిశ్రమలకు చాలదు. ప్రమాదకరమైన పని చేసి లాభం తీసుకునే సంస్థ నష్టమంతా భరించాలి. దైవికమనీ, మూడోవాడి పని అనీ మినహాయింపులు లేవు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకూ, చుట్టుపక్కల ఉండేవాళ్లకూ కూడా ఆ సంస్థ బాధ్యత పడుతుంది. లోపల, బయట అన్న గీతను చెరిపేయడం, నాకు సంబంధించినంతవరకు, ఆ తీర్పులో అన్నిటికన్నా పెద్ద మాట.

2020 మే 7న విశాఖపట్నంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై 12 మంది చనిపోయినప్పుడు, మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. ఎవరి తప్పు అన్న విచారణ ముగిసేదాకా ఆగలేదు. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఆ వేకువన రోడ్డు మీద పడిపోయిన మనుషులకీ, 1860లో మునిగిన ఎయిన్స్‌వర్త్ బొగ్గుబాయికీ మధ్య సూటిగా ఒక దారం ఉంది. ఆ దారం మొదటి కొన బ్లాక్‌బర్న్ చేతిలోనే ఉంది.

ఇదంతా గ్యాసుకు. మరి నీళ్లకు? సూత్రం పుట్టిందే నీళ్ల గురించి. మన దగ్గర అది గ్యాసు దగ్గర పెరిగి, నీళ్ల దగ్గర ఆగిపోయింది. 2021లో ఆనకట్టల భద్రతకు చట్టం వచ్చింది. అది ప్రధానంగా తనిఖీల గురించి, పర్యవేక్షణ గురించి. కట్ట తెగకుండా చూసుకోవడం మంచిదే. కట్ట తెగకుండానే మునిగేవాళ్లున్నారు. వాళ్లకు దారి ఏదన్నది నాకు ఇవాళ్టికీ చట్టంలో సూటిగా కనిపించదు. ఊరి చెరువుకు ఇచ్చిన మినహాయింపు ఊరి చెరువుకే ఉండాలి. నిర్ణయం ఒకచోట, లాభం ఇంకోచోట, మునక మరోచోట ఉండే నీళ్లకు బందెలదొడ్డి న్యాయమే సరి. వాటితో పదిమందికీ మేలు జరుగుతుంటే, ఆ మేలులోంచే మునిగినవాడికి కట్టాలి. ప్రజల కోసం కట్టారు కాబట్టి కట్టనక్కర్లేదు అనడం కన్నా, ప్రజల కోసం కట్టారు కాబట్టే ప్రజలంతా కలిసి కట్టాలి అనడం న్యాయానికి దగ్గర.

*

వరద తర్వాత వారానికి మా వీధికి దరఖాస్తు కాగితాలు వచ్చాయి. కాకా తనది నాతో నింపించుకున్నాడు. ఫ్రిజ్జు, మంచం, బియ్యం బస్తా, పాస్‌బుక్కులు రాశాం. పైన అచ్చులో ‘వరద సాయం’ అని ఉంది.

“సాయం అని ఎందుకున్నది?” అన్నాడు.

“అట్లనే అచ్చేసిండ్రు కాకా.”

కాసేపు కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. “నేను సాయం అడుగుతలేను. ఆ ఇంగ్లీషు బాయి దొర ఏమని అడిగిండు?”

“నష్టపరిహారం.”

“మరి గదే రాయి.”

అచ్చు మాటను కొట్టేసి దాని పక్కన ‘నష్టపరిహారం’ అని రాసిచ్చాను. తీసుకునే చోట వాళ్లు ఆ మాట చూశారో లేదో తెలియదు. కాకా మాత్రం దాని మీద ఒకసారి వేలు పెట్టి చూసుకుని, కింద సంతకం చేశాడు.